జావా నుంచి సీ షార్ప్‌కి – 7వ పాఠం: అర్రేలిస్ట్‌కు పుట్టిన క్లాసులు

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన రైలు దారి నేరో గేజ్. రెండు పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. నౌపడలో దాని పక్కనే హౌరా–చెన్నై లైను, అది 1,676 మిల్లీమీటర్లు. 2004లో చిన్న రైలు ఆపేసేదాకా పర్లాకిమిడి నుంచి విశాఖపట్నం పోవాలంటే నౌపడలో దిగి, మూట నెత్తిన పెట్టుకుని పెద్ద లైను వైపు నడవాల్సిందే. అదీ రైలే, ఇదీ రైలే. రెండింటికీ ఇంజనుంది, బోగీలున్నాయి, గార్డున్నాడు. కానీ ఈ బోగీ ఆ పట్టాల మీద నడవదు.

జావాలో అర్రేలిస్ట్, సీ షార్ప్‌లో లిస్ట్ కూడా అంతే. రెండూ వస్తువులను వరుసగా దాచుకునే జాబితా క్లాసులే. బయటి నుంచి వాడుకున్నంతసేపూ ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకోవచ్చు. ఆరో పాఠంలో మనం చేసింది అదే. యాడ్‌కు యాడ్, క్లియర్‌కు క్లియర్, సైజ్‌కు కౌంట్. అయితే దానికి వారసుడిగా, అంటే దాన్ని ఇన్హెరిట్ చేసి, మన క్లాసు రాసుకున్నప్పుడు మాత్రం గేజ్ తేడా బయటపడుతుంది. ఈ వరుసలో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. ఒక్క రోజులో అయిపోవాలని టెన్షన్ పడకండి, రెండు మూడు సార్లుగా చదవండి.

ఇంకో మాట. గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు మనలో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. అందుకే కోడ్‌ను కూడా తెలుగు అక్షరాల్లోనే, చదివి వినిపించినట్టు రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. భాష కూడా మనం మాట్లాడుకునేదే. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో కూర్చుని వేరే భాషలో రాయడం నా వల్ల కాదు.

బిల్లుపట్టీ

పర్లాకిమిడి బజారులో ఒక కిరాణా దుకాణానికి జావాలో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాం ఉండేది. దాన్ని సీ షార్ప్‌లోకి మార్చే పని నేను ఒప్పుకున్నాను. అందులో ముఖ్యమైన క్లాసు ఇది:

పబ్లిక్ క్లాస్ బిల్లుపట్టీ ఎక్స్‌టెండ్స్ అర్రేలిస్ట్<సరుకు> {
  ప్రైవేట్ ఇంట్ మొత్తం = 0;

  @ఓవర్‌రైడ్
  పబ్లిక్ బూలియన్ యాడ్(సరుకు స) {
    మొత్తం += స.ధర;
    రిటర్న్ సూపర్.యాడ్(స);
  }
}

చూడటానికి ముచ్చటగా ఉంది. సరుకు పడిన ప్రతిసారీ మొత్తం పెరుగుతుంది. దీన్ని మక్కికి మక్కిగా దింపాను. ఎక్స్‌టెండ్స్ బదులు కోలన్, అర్రేలిస్ట్ బదులు లిస్ట్, సూపర్ బదులు బేస్, @ఓవర్‌రైడ్ బదులు ఓవర్‌రైడ్ అనే కీవర్డ్. సీ షార్ప్‌లో లిస్ట్ యాడ్ ఏమీ తిరిగి ఇవ్వదు కాబట్టి బూలియన్ బదులు వాయిడ్ పెట్టాను. కంపైల్ చేస్తే సీఎస్0506 ఎర్రర్ వచ్చింది. పైనున్న యాడ్, అంటే లిస్ట్ క్లాసులోది, వర్చువల్ (వారసులు మార్చుకోవడానికి తెరిచి ఉంచినది) కాదు కాబట్టి ఓవర్‌రైడ్ చేయడం కుదరదని దాని అర్థం. సరే అని ఓవర్‌రైడ్ అన్న మాట తీసేశాను. ఎర్రర్ పోయింది, బదులుగా సీఎస్0108 హెచ్చరిక వచ్చింది. మీ యాడ్ పైనున్న యాడ్‌ను కప్పేస్తోంది, కావాలనే కప్పుతున్నట్టయితే న్యూ అని రాయమంది. న్యూ అని రాశాను. హెచ్చరిక కూడా పోయింది. స్క్రీన్ శుభ్రంగా ఉంది, నేను సంతోషంగా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే షావుకారు గారి ఫోన్. “ఏం బాబూ, బియ్యం 1,250, కందిపప్పు 320, నూనె 150. కాగితం మీద కూడితే నాకు 1,720 వచ్చింది. నీ కంప్యూటర్ సున్నా అంటోందేంటి?”

ఆ సున్నా ఎలా వచ్చిందో అర్థమైతే ఈ పాఠం సగం అయిపోయినట్టే. సరుకులు చేర్చే ఫంక్షన్‌కు బిల్లుపట్టీని ఇస్తున్నాం. ఆ ఫంక్షన్ మాత్రం దాన్ని ‘ఐలిస్ట్<సరుకు>’ అనే టైపుగా పుచ్చుకుంటోంది. జావాలో ఆ చోట ‘లిస్ట్<సరుకు>’ అనే ఇంటర్‌ఫేస్ ఉండేది, సీ షార్ప్‌లో దానికి జోడీ ఐలిస్ట్ కాబట్టి నేనే మార్చాను. ఆ టైపు మీద యాడ్ అని పిలిస్తే జావాలో అసలు వస్తువు ఏ క్లాసుదో చూసి దాని యాడ్ నడుస్తుంది, అంటే మనదే. సీ షార్ప్‌లో న్యూ అని రాసిన యాడ్ అలా కాదు. వేరియబుల్ టైపు బిల్లుపట్టీ అని రాసి ఉన్నచోటే అది నడుస్తుంది. ఐలిస్ట్ గానో, లిస్ట్ గానో రాసి ఉన్నచోట పైవాడి యాడ్ నడుస్తుంది. సరుకులు మూడూ జాబితాలోకి చేరాయి, మొత్తాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

అందుకే ఒక గట్టి మాట చెబుతున్నాను. జావా నుంచి కోడ్ తెచ్చేటప్పుడు సీఎస్0108 హెచ్చరిక కనబడితే న్యూ రాసి దాని నోరు మూయించకండి. పైవాడి ఫంక్షన్ నిజంగా మనకు అక్కర్లేనప్పుడు న్యూ పనికొస్తుందేమో కానీ, జావాలో @ఓవర్‌రైడ్ ఉన్నచోట అది ఎప్పటికీ సరైన జవాబు కాదు.

ఎన్ని గుమ్మాలు, ఏ నడవ

జావాలో మామూలు మెథడ్ ఏదైనా, ఫైనల్, స్టాటిక్, ప్రైవేట్ అని రాయనంతవరకు, వారసులు మార్చుకోవచ్చు. సీ షార్ప్‌లో వర్చువల్ అని రాస్తే తప్ప మార్చుకోవడానికి లేదు. సీ షార్ప్‌ను రూపొందించిన ఆండర్స్ హెయిల్స్‌బర్గ్, ఆయన తోటివాళ్ళు ఇది తెలిసే చేశారు. పై క్లాసు రాసినవాడు రేపు లోపల ఏదో మార్చుకుంటాడు, దాంతో కింద వారసుడి కోడ్ చెడిపోతుంది. వారసుల కోసమని ఆలోచించి తెరిచిన చోటే తెరిచి ఉంచాలి, మిగతావి మూసే ఉండాలన్నది వాళ్ళ ఉద్దేశం. నాకైతే మొదట్లో చిరాకనిపించింది. ఇప్పుడు మాత్రం ఆ పద్ధతే మంచిదని నమ్ముతున్నాను. ఎందుకో కిందికి పోయేకొద్దీ మీకే తెలుస్తుంది.

మన పాత ఇళ్ళు గుర్తు చేసుకోండి. వీధి గుమ్మం ఉంటుంది, పెరటి గుమ్మం ఉంటుంది, పక్కసందు గుమ్మం ఉంటుంది. జావా అర్రేలిస్ట్ అలాంటి ఇల్లు. లోపలికి సరుకు తేవడానికి యాడ్, వరస నంబరుతో యాడ్, యాడ్‌ఆల్, ఉన్నదాన్ని మార్చే సెట్, జావా 8లో వచ్చిన రిప్లేస్‌ఆల్. బయటికి పంపడానికి రెండు రకాల రిమూవ్, రిమూవ్‌ఇఫ్, క్లియర్, ఇటరేటర్ చేతిలోని రిమూవ్. ఏ గుమ్మం దగ్గరైనా మీరు మనిషిని కూర్చోబెట్టవచ్చు, కానీ ఒక్కో గుమ్మానికి ఒక్కో మనిషి కావాలి. బిల్లుపట్టీ రాసినాయన వీధి గుమ్మం దగ్గర మాత్రమే కూర్చున్నాడు. అర్రేలిస్ట్‌లో యాడ్‌ఆల్ అనేది యాడ్‌ను పిలవదు, తెచ్చినవాటిని మొత్తంగా లోపలి అర్రేలోకి కాపీ చేసేస్తుంది. అంటే పెరటి గుమ్మం నుంచి వచ్చిన సరుకు లెక్కలోకి రాదు.

సీ షార్ప్ లిస్ట్ కూడా అన్ని గుమ్మాలున్న ఇల్లే, కానీ ఒక్క గుమ్మం దగ్గర కూడా మనల్ని కూర్చోనివ్వదు. అది వేగం కోసం కట్టిన ఇల్లు. వారసుల కోసం కట్టిన ఇల్లు వేరే ఉంది, దాని పేరు కలెక్షన్. సిస్టమ్.కలెక్షన్స్.ఆబ్జెక్ట్‌మోడల్ అనే నేమ్‌స్పేస్‌లో ఉంటుంది. 2005లో డాట్‌నెట్ 2.0తో జెనరిక్స్ వచ్చినప్పుడే ఇదీ వచ్చింది. అంతకు ముందు పుస్తకాల్లో కలెక్షన్‌బేస్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది జెనరిక్స్ లేని కాలం నాటిది. కొత్తగా రాసేటప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు.

కలెక్షన్‌లో గుమ్మాలు ఎన్నున్నా లోపల ఒక నడవ ఉంది. యాడ్ అన్నా ఇన్సర్ట్ అన్నా చివరికి ఇన్సర్ట్‌ఐటమ్ దగ్గరికే వస్తాయి. బ్రాకెట్లో నంబరు పెట్టి మార్చితే సెట్‌ఐటమ్. రిమూవ్, రిమూవ్‌యాట్ రెండూ రిమూవ్‌ఐటమ్. క్లియర్ అయితే క్లియర్‌ఐటమ్స్. ఈ నాలుగూ ప్రొటెక్టెడ్, నాలుగూ వర్చువల్. మనం నడవలో కూర్చుంటే చాలు, ఎవరు ఏ గుమ్మం నుంచి వచ్చినా మన ముందు నుంచే పోవాలి. ఐలిస్ట్ టైపుగా పట్టుకుని యాడ్ అని పిలిచినా సరే, అది కూడా ఇక్కడికే వస్తుంది.

పబ్లిక్ క్లాస్ బిల్లుపట్టీ : కలెక్షన్<సరుకు> {
  ప్రైవేట్ ఇంట్ మొత్తం = 0;

  ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ వాయిడ్ ఇన్సర్ట్‌ఐటమ్(ఇంట్ వరస, సరుకు స) {
    బేస్.ఇన్సర్ట్‌ఐటమ్(వరస, స);
    మొత్తం += స.ధర;
  }

  ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ వాయిడ్ సెట్‌ఐటమ్(ఇంట్ వరస, సరుకు స) {
    ఇంట్ పాతధర = దిస్[వరస].ధర;
    బేస్.సెట్‌ఐటమ్(వరస, స);
    మొత్తం += స.ధర - పాతధర;
  }

  ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ వాయిడ్ రిమూవ్‌ఐటమ్(ఇంట్ వరస) {
    ఇంట్ పాతధర = దిస్[వరస].ధర;
    బేస్.రిమూవ్‌ఐటమ్(వరస);
    మొత్తం -= పాతధర;
  }

  ప్రొటెక్టెడ్ ఓవర్‌రైడ్ వాయిడ్ క్లియర్‌ఐటమ్స్() {
    బేస్.క్లియర్‌ఐటమ్స్();
    మొత్తం = 0;
  }
}

సెట్‌ఐటమ్, రిమూవ్‌ఐటమ్ రెండింటిలోనూ పాత ధరను ముందే తీసి పెట్టుకున్నాం, గమనించండి. బేస్‌ను పిలిచాక ఆ చోట పాత సరుకు ఉండదు. మొత్తాన్ని మాత్రం బేస్ పని పూర్తయ్యాకే మార్చాం. బేస్ మధ్యలో ఎక్సెప్షన్ విసిరితే లెక్క చెడిపోకుండా ఉండాలి కదా. ఖాళీ సరుకు, అంటే నల్, వచ్చే అవకాశం ఉంటే ఇన్సర్ట్‌ఐటమ్, సెట్‌ఐటమ్ రెండింటి మొదటి లైన్లోనే ఆపండి. లేకపోతే అది జాబితాలోకి చేరిపోయాక ధర అడిగే దగ్గర ప్రోగ్రాం పడిపోతుంది.

జావాలో ఒక్క మెథడ్ ఉంటే ఇక్కడ నాలుగు రాశామేంటని అనిపించవచ్చు. జావాలో కూడా నాలుగు కంటే ఎక్కువే రాయాలి. ఆయన రాయలేదు, అంతే.

1,720 కాస్తా 3,440

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కొత్త బిల్లులన్నీ సరిగ్గా వచ్చాయి. రెండు రోజుల తర్వాత పాత బిల్లు ఒకటి తెరిస్తే మొత్తం రెట్టింపు చూపించింది.

జావా ప్రోగ్రాం పాత బిల్లును తెరిచే తీరు ఇదీ: ఫైల్లోంచి మొత్తాన్ని చదివి ఫీల్డ్‌లో పెడుతుంది, తర్వాత సరుకులన్నీ యాడ్‌ఆల్‌తో ఒక్కసారిగా పోస్తుంది. యాడ్‌ఆల్ లెక్కలోకి రాదని ఆ రాసినాయనకు తెలుసు. తెలిసే దాని మీద ఆధారపడ్డాడు. నేనేమో కలెక్షన్‌లో యాడ్‌రేంజ్ లేదు కాబట్టి ఫర్‌ఈచ్ పెట్టి ఒక్కొక్కటే యాడ్ చేశాను. ఫైల్లోంచి వచ్చిన 1,720కి నడవలో లెక్కపెట్టిన 1,720 కలిసింది.

మొత్తం చదివే లైను తీసేస్తే సరి అనుకున్నాను. తీసేసి, దుకాణంలో ఉన్న పాత బిల్లులన్నీ వరుసగా తెరిపించి, ఫైల్లోని మొత్తాన్ని కొత్త లెక్కతో పోల్చి చూశాను. ఆ పోల్చే పని చేయకపోతే పెద్ద తప్పు జరిగిపోయేది. కొన్ని బిల్లుల్లో సరుకుల కూడిక 1,720 ఉంటే ఫైల్లో 1,700 ఉంది. షావుకారు గారిని అడిగాను. “పాత ఖాతాదారులు కదా బాబూ, పైన ఇరవై వదిలేస్తాం” అన్నారు. ఆ తగ్గింపుకు ప్రోగ్రాంలో వేరే చోటు లేదు. మొత్తంలోనే తగ్గించి రాసేవారు. అంటే నేను తప్పు అనుకున్న ఆ యాడ్‌ఆల్ సందులో ఒక దుకాణం మర్యాద దాక్కుని ఉంది. నేను ఆ లైను తీసేసి ఊరుకుంటే ఖాతాదారుల బాకీ మళ్ళీ ఇరవై చొప్పున పెరిగేది.

చివరికి తగ్గింపు అని ఇంకో ఫీల్డ్ పెట్టాను. పాత బిల్లు తెరిచినప్పుడు కూడికకూ ఫైల్లోని మొత్తానికీ మధ్య తేడాను అందులో వేశాను. పని తీరాక ఆయనకు ఆ ఫీల్డ్ ఎంతో నచ్చింది, ఎందుకంటే నెలకు ఎంత వదిలేస్తున్నారో మొదటిసారి ఆయనకు లెక్క తెలిసింది.

అందుకే వారసుల క్లాసును మార్చే ముందు ఒక పని చేయండి. జావా కోడ్ మొత్తంలో ‘ఎక్స్‌టెండ్స్ అర్రేలిస్ట్’ అని వెతకండి. దొరికిన ప్రతి క్లాసుకూ ఒక కాగితం తీసుకుని, ఏ గుమ్మాల దగ్గర మనిషి ఉన్నాడో, ఏవి ఖాళీగా ఉన్నాయో రాయండి. తర్వాత ఆ ఖాళీ గుమ్మాలను ఎవరైనా పిలుస్తున్నారేమో వెతకండి. పిలుస్తుంటే అది పొరపాటా, కావాలని చేసిందా అన్నది కోడ్ చూసి తేలదు. ప్రోగ్రాం వాడే మనిషిని అడగాలి. నాకు ఒక్కో క్లాసుకు పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఎప్పుడూ వృథా కాలేదు.

కన్‌స్ట్రక్టర్ దగ్గర రెండు గోతులు

జావాలో ‘సూపర్(పాతజాబితా)’ అని రాస్తే అర్రేలిస్ట్ ఆ జాబితాను కాపీ చేసుకుంటుంది. ఆ తర్వాత పాతదానికి ఏం జరిగినా మనకు సంబంధం లేదు. సీ షార్ప్‌లో ‘బేస్(పాతజాబితా)’ అని రాస్తే కలెక్షన్ కాపీ చేయదు. ఆ జాబితానే లోపల పెట్టుకుని, దాని మీదే పని చేస్తుంది. బయట ఎవరో పాతజాబితాకు సరుకు చేర్చితే మన బిల్లుపట్టీలో కూడా కనిపిస్తుంది, నడవ దాటకుండానే. పాతజాబితా బదులు మామూలు అర్రే ఇస్తే ఇంకో ఇబ్బంది. యాడ్ అనగానే నాట్‌సపోర్టెడ్ ఎక్సెప్షన్ వస్తుంది, ఎందుకంటే అర్రే సైజు పెరగదు. రెండు సందర్భాల్లోనూ కన్‌స్ట్రక్టర్ ఇన్సర్ట్‌ఐటమ్‌ను పిలవదు కాబట్టి మొత్తం సున్నా దగ్గరే ఉంటుంది. అందుకే బేస్‌కు ఏమీ ఇవ్వకుండా, కన్‌స్ట్రక్టర్ లోపల ఫర్‌ఈచ్‌తో ఒక్కొక్కటే యాడ్ చేయండి.

రెండో గొయ్యి జావా వైపుది. సీ షార్ప్ నుంచి జావాకు వెనక్కి తేవాల్సి వచ్చినప్పుడు దాన్లో పడతారు. సీ షార్ప్‌లో ఫీల్డ్ పక్కన రాసిన మొదటి విలువలు పై క్లాసు కన్‌స్ట్రక్టర్ కంటే ముందే పడతాయి. జావాలో అవి పై క్లాసు కన్‌స్ట్రక్టర్ అయ్యాకే పడతాయి. ఇప్పుడు అర్రేలిస్ట్ కాకుండా హాష్‌సెట్‌కు వారసుడిని రాశారనుకోండి. హాష్‌సెట్‌కు కన్‌స్ట్రక్టర్‌లో ఒక జాబితా ఇస్తే అది యాడ్‌ఆల్‌ను పిలుస్తుంది. అర్రేలిస్ట్‌లోలా కాదు, ఇక్కడి యాడ్‌ఆల్ ఒక్కొక్కదానికీ యాడ్‌ను పిలుస్తుంది, అంటే మన యాడ్‌ను. మొత్తం చక్కగా 1,720 అవుతుంది. ఆ తర్వాత జావా కిందికి దిగి ‘మొత్తం = 0’ అన్న లైనును నడుపుతుంది. లెక్కంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫీల్డ్ ఒక నంబరు కాకుండా ఇంకో ఆబ్జెక్ట్ అయితే ఇంకా ముందే, యాడ్ లోపలే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది.

ఇది చదివి నమ్మేయకండి. మీ ఎడిటర్‌లో ఆరు లైన్ల క్లాసు రాసి, ‘= 0’ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి నడిపి చూడండి.

రిమూవ్ దగ్గర ఒక్క నిమిషం

పూర్ణసంఖ్యల జాబితా మీద జావాలో రిమూవ్(3) అంటే 3 అనే వరస నంబరు చోటున (సున్నా నుంచి లెక్క) ఉన్నది పోతుంది. సీ షార్ప్‌లో రిమూవ్(3) అంటే 3 అనే విలువ ఎక్కడుందో వెతికి దాన్ని తీసేస్తుంది. చోటును బట్టి తీయాలంటే రిమూవ్‌యాట్ రాయాలి. పేరు ఒకటే కాబట్టి కంపైలర్ ఏమీ అనదు. బిల్లు నంబర్ల జాబితాలో ఇది జరిగితే వేరే బిల్లు పోతుంది, లేదా ఏ బిల్లూ పోదు.

అభ్యాసం

ఒక సంత తూకం పుస్తకం ఊహించుకోండి. చింతపండు, పసుపు, అల్లం బస్తాలు వస్తుంటాయి. జావాలో ‘తూకంపట్టీ’ అనే క్లాసు అర్రేలిస్ట్‌కు వారసుడు. యాడ్‌లో బస్తా బరువును మొత్తానికి కలుపుతుంది, 100 కిలోలు దాటిన బస్తాను వద్దని ఫాల్స్ తిరిగి ఇస్తుంది. దీన్ని సీ షార్ప్‌లో కలెక్షన్‌కు వారసుడిగా రాయండి.

ఇన్సర్ట్‌ఐటమ్ వాయిడ్ కాబట్టి ఫాల్స్ తిరిగి ఇవ్వడానికి చోటు లేదు. మీకు రెండు దారులున్నాయి. బస్తా బరువు ఎక్కువైతే ఎక్సెప్షన్ విసరడం ఒకటి. చేర్చిచూడు అనే పేరుతో బూల్ తిరిగి ఇచ్చే కొత్త మెథడ్ పెట్టడం ఇంకొకటి. రెండో దారి పట్టినా ఇన్సర్ట్‌ఐటమ్‌లో ఆ 100 కిలోల కాపలా తీసేయకూడదు, ఎందుకంటే చేర్చిచూడు కూడా ఒక గుమ్మమే. నేరుగా యాడ్ అని పిలిచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బస్తాను మార్చే సెట్‌ఐటమ్‌లోనూ అదే కాపలా కావాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

రాశాక ఈ మూడూ నడిపి చూడండి: తూకంపట్టీని ఐలిస్ట్ వేరియబుల్‌లో పెట్టి 60, 40, 120 కిలోల బస్తాలు చేర్చడం, తర్వాత మొదటి బస్తాను 75 కిలోల బస్తాతో మార్చడం, చివరికి క్లియర్. 120 దగ్గర ఎక్సెప్షన్ వస్తే దాన్ని పట్టుకుని ముందుకు పొండి. మొత్తం వరుసగా 60, 100, 100, 115, 0 రావాలి. ఎక్కడైనా వేరే అంకె వస్తే కోడ్ దిద్దే ముందు, ఆ బస్తా ఏ గుమ్మం నుంచి వచ్చిందో, నడవలో ఎక్కడ తప్పిపోయిందో కాగితం మీద గీసుకోండి.

8వ పాఠంలో హాష్‌మ్యాప్‌కు పుట్టిన క్లాసులు. అక్కడ లేని తాళంచెవి (కీ) అడిగితే జావా నల్ ఇచ్చి ఊరుకుంటుంది, సీ షార్ప్ డిక్షనరీ ఎక్సెప్షన్ విసురుతుంది. అప్పటికి తూకంపట్టీ మీ దగ్గర నడుస్తూ ఉండాలి, దాని మీదే కడతాం.